మా నాన్న ఎక్కని ఓడ

యుద్ధకాలంలో మా నాన్న ఒక డిస్ట్రాయర్ మీద పనిచేశాడు. నడిసముద్రంలో టార్పెడో దూసుకొస్తుంటే అందరికంటే ముందు చూసింది ఆయనే. ఆయన కేక వెయ్యకపోతే ఆ ఓడా ఉండేది కాదు, అందులోని రెండు వందల మందీ ఉండేవాళ్లు కాదు. కెప్టెన్ దొర తన చేతి గడియారం విప్పి మా నాన్న చేతికి కట్టాడు.

ఈ కథ నేను సౌదీలోని అల్ ఖోబర్‌లో ముప్ఫై నాలుగేళ్లుగా చెబుతున్నాను. మొదట్లో ఇందులో టార్పెడో లేదు. మూడో ఏడో, నాలుగో ఏడో వచ్చి చేరింది. గడియారం ఇంకా ఆలస్యంగా వచ్చింది. "మరి ఆ గడియారం ఏదీ?" అని ఎవరో అడిగితే వరదలో కొట్టుకుపోయిందన్నాను. మా ఇల్లు విశాఖలో కొండ మీద. అక్కడికి వరద రావాలంటే ముందు ఊరంతా మునగాలి.

అసలు సంగతి ఇది. మా నాన్న రేవు దగ్గర పోస్టాఫీసులో ప్యాకరు. టపా సంచుల మూతి కట్టి, లక్క ముద్ర వేసి, తోపుడు బండి మీద ఓడ దగ్గరికి తోలుకెళ్లేవాడు. నిచ్చెన కింద నిలబడి కేకేస్తే పైనుంచి ఒక నావికుడు దిగొచ్చి, సంచి అందుకుని, పుస్తకంలో సంతకం పెట్టేవాడు. ఆ నిచ్చెన మొదటి మెట్టు మీద మా నాన్న కాలు పెట్టడానికి వీల్లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అంతే. "ఓడ లోపల ఎలా ఉంటుంది నాన్నా?" అంటే, "ఇనుము వాసనేస్తుంది," అనేవాడు. అంతకుమించి ఆయనకి తెలీదు. నిచ్చెన కింద నిలబడితే తగిలే వాసన అది.

ఆ ఓడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు వెళ్లి చూస్తారు. పాత ఓడని ఏనాడో ముక్కలు చేసి అమ్మేశారు గానీ, నేవీవాళ్లు పేరుని ఊరికే పోనివ్వరు. కొన్నేళ్లాగి కొత్త ఓడకి పెడతారు, తాత పేరు మనవడికి పెట్టినట్టు. ఆ మనవడి ఓడలో ఒక ఇత్తడి పలక ఉంది. దాని మీద మా నాన్న పేరు ఉంది. అది అక్కడికి ఎలా ఎక్కిందో, ఎక్కాల్సిన ఇంకొకరి పేరు ఎందుకు ఎక్కలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఈ దేశం వచ్చింది టైపిస్టుగా. టైపు వచ్చని చెప్పి వచ్చాను. రాదు. రెండో వారంలో దొరికిపోయాక కంపెనీ టపా గదిలో పడేశారు. ఇంటికొచ్చి ఉత్తరం ఇచ్చే పోస్టుమాన్ ఇక్కడ లేని రోజులవి. కంపెనీకి పోస్టాఫీసులో ఒక పెట్టె, దానికో నంబరు. పనివాళ్ల క్యాంపులో ఉన్న అందరి ఉత్తరాలూ ఆ ఒక్క పెట్టెలోకే వచ్చేవి. తాళంచెవి నా దగ్గర. వాళ్ల పెళ్లాల మాటలు, పిల్లల మార్కులు, పోయినవాళ్ల కబుర్లు అన్నీ నా నడుముకి వేలాడేవి. అలా అనుకునేవాణ్ణి.

నా గుమ్మం దగ్గర ఒక పాలపొడి డబ్బా ఉండేది. ఉత్తరం అందుకున్నవాడు కవరు మూల చించి, స్టాంపు ఆ డబ్బాలో వేసి పోవాలి. అది క్యాంపు ఆనవాయితీ అని కొత్తవాళ్లకి చెప్పేవాణ్ణి. ఆనవాయితీ పెట్టింది నేనే. జగిత్యాల, నిజామాబాద్ వైపు మేస్త్రీలు, ప్లంబర్లు బొటనవేలితో పరపరా చించి వేసి, ఉత్తరం గుండెకి ఆనించుకుని వెళ్లిపోయేవాళ్లు. స్టాంపు వెయ్యనివాడి ఉత్తరం తర్వాతసారి సంచి అడుగున పడేది. పడేది అని రాస్తున్నాను. నేనే పడేసేవాణ్ణి.

నా గదిలో రెండో మంచం జగిత్యాల ఏసీ మెకానిక్‌ది. ఇప్పటికీ అతనిదే. నా ఓడని అతను ఒక్కరోజూ ఊరికే వదల్లేదు.

"ఏం పెద్దాయనా, మీ నాయిన ఓడ ఇయ్యాల ఎంతదాంక వొయింది?"

"ఏడెన్ దాటింది."

"గా టార్పెడో ఎడమ దిక్కుకెల్లి అచ్చిందంటివి. పోయినేడు కుడి దిక్కన్నవ్."

"రెండొచ్చాయి."

"గట్లనా! మల్ల గడియారాలు సుత రెండియ్యాలె గద?"

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. నమ్మినవాళ్లు లేరని నాకు తెలుసు. అబద్ధాన్ని అందరూ అబద్ధంగానే పుచ్చుకున్నంతకాలం ఎవరికీ ఏమీ కాలేదు.

ఒకసారి సెలవు మీద విశాఖ వెళ్లినప్పుడు స్టాంపుల ప్రదర్శన పెట్టారంటే నా ఆల్బమ్ పట్టుకుని వెళ్లాను. అక్కడ బల్ల వెనక కూర్చున్న ఒక ముసలాయన నా పేజీలన్నీ తిప్పి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "కవర్లేవండీ?" అన్నాడు.

"కవర్లా? పారేశామండీ."

"పండు పారేసి తొక్క దాచుకున్నారు," అన్నాడు.

ఆయనే నాకు చెప్పాడు. యుద్ధకాలపు ఓడ ఉత్తరానికి అసలు కథంతా స్టాంపు బయటే ఉంటుందట. ఓడ ఎక్కడుందో శత్రువుకి తెలియకూడదు కనక స్టాంపు మీద ఊరి పేరున్న ముద్ర కొట్టరు. నాలుగు అడ్డగీతలు కొట్టి వదిలేస్తారు. ఎడమ మూల సెన్సారు ముద్ర ఉంటుంది, అందులో ఒక నంబరు, ఉత్తరం చదివిన ఆఫీసరు పొట్టి సంతకం. కవరు వెనక, అది చేరిన ఊరి పోస్టాఫీసు ముద్ర, తేదీ. ఆ నంబరునీ ఈ తేదీనీ పక్కపక్కన పెడితే ఏ ఓడో, ఎప్పటిదో తేలుతుంది. కవరు మొత్తం ఉంటేనే అది సాక్ష్యం. స్టాంపు కోసేస్తే మిగిలేది రాజుగారి తలకాయ. అలాంటి తలకాయలు కోట్లు అచ్చేశారు.

నా డబ్బా గుర్తొచ్చింది. ఎంతమంది కవర్లు, ఎన్నేళ్ల కవర్లు.

ఆ బల్ల మీదే ఆ ఓడ కవరు ఒకటి కనపడింది. మా నాన్న ఏ నిచ్చెన కింద నిలబడ్డాడో ఆ ఓడది. సెన్సారు నంబరు ఆ ఓడదేనని ముసలాయనే చెప్పాడు, వెనక విశాఖ ముద్ర ఉంది. తడిసి చిరునామా మొత్తం చెరిగిపోయింది కాబట్టి ఎవరికీ అక్కర్లేక పడి ఉంది. కొన్నాను. ఎంతకి కొన్నానో చెప్పను, చెప్పబోతే పెంచుతాను.

ఖోబర్ తిరిగొచ్చాక పాళీ కలం సంపాదించాను. సిరాలో టీ డికాక్షన్ కలిపాను. చిరునామా పోయిన చోట మా అమ్మ పేరు, మా కొండ మీద ఇంటి నంబరు రాశాను. వెనక పంపినవాడి పేరు అని మా నాన్న పేరు రాశాను. మా నాన్న చేతిరాతలో రాయడానికి నాకు సాధన అక్కర్లేదు. చిన్నప్పుడు బడి ప్రోగ్రెస్ కార్డులన్నింటి మీదా ఆయన సంతకం నేనే చేసేవాణ్ణి.

ఇక ఒకామె సంగతి చెప్పాలి. ఆమె నర్సు. కోనసీమలో లంక గ్రామం. ఖోబర్ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ల పైనుంచి పనిచేస్తోంది. వారం వారం నా బీపీ చూసేది, తిట్టేది. "బాబాయ్ గారూ, ఆ ఊరగాయ ఆపుతారా, నన్ను ఆపమంటారా?" అనేది. నా స్టాంపుల పిచ్చి తెలిసి తన ఇంటి ఉత్తరాల స్టాంపులు నాకోసం దాచిపెట్టేది. ఆమె చెబితే అక్కడ వాళ్లమ్మ కూడా మొదలుపెట్టింది. వచ్చిన ప్రతి కవరు నుంచీ స్టాంపు కోసి, ఎవరైనా నర్సు సెలవు నుంచి తిరిగొస్తుంటే పంపేది. మా క్యాంపువాళ్లలా బొటనవేలితో చించడం కాదు. చిన్న కత్తెరతో, స్టాంపు చుట్టూ వెంట్రుకవాసి కాగితం వదిలి, అంచున ఉండే పళ్లలో ఒక్కటి విరక్కుండా కోసేది. ఫోన్లో చూపించినప్పుడల్లా నేను పొగిడేవాణ్ణి. "అక్కయ్యగారూ, మీరు డాక్టరు కావాల్సిందండీ." ఎనభై దాటిన మనిషి చిన్నపిల్లలా సిగ్గుపడేది. కవర్ల విలువ తెలిసిన తర్వాత కూడా ఆవిడతో ఆ మాట అనలేదు. మామూలు ఇంటి కవర్లే కదా అనుకున్నాను. పైగా ఆ పొగడ్త ఇద్దరికీ బావుండేది.

కొత్త ఓడ పక్కనే ఉన్న దమ్మామ్ రేవుకి వస్తోందని మన తెలుగు సంఘంవాళ్లు కబురు పంపారు. పాత ఓడ మీద పనిచేసినవాళ్ల కుటుంబాలు ఇక్కడ ఎవరైనా ఉంటే ఆధారాలు పంపమన్నారు. ఓడలో పెట్టే ఇత్తడి పలక మీద ఆ పేర్లు చెక్కి, అందరి ముందూ చదువుతారట. సంఘంవాళ్లు ముందు నా దగ్గరికే వచ్చారు. ముప్ఫై ఏళ్లుగా ఊదరగొడుతున్నవాణ్ణి, రాకేం చేస్తారు? ఆ రోజు, "అబ్బే, అదంతా సరదాకి," అంటే సరిపోయేది. కవరుకి రెండువైపులా ఫొటో తీసి పంపాను. పది రోజుల్లో జవాబొచ్చింది. మా నాన్న పేరు లిస్టులో చేర్చారు.

ఆ వారం బీపీ పట్టీ చుడుతూ ఆమె అంది:

"బాబాయ్ గారూ, మా అమ్మ వాళ్ల నాన్న కూడా ఆ ఓడేనండి."

నా బీపీ ఎంతొచ్చిందో ఆమె ఆ రోజు చెప్పలేదు. తానే మరిచిపోయింది.

వాళ్ల తాత ఆ పాత ఓడ వంటగదిలో పనివాడు. రోజుకూలీ మీద ఎక్కించుకున్న మనిషి. లిస్టులో యూనిఫాం తొడిగినవాళ్ల పేర్లే ఉన్నాయి, ఆయనది లేదు. ఆమె రాస్తే ఆధారం చూపించమన్నారు. ఆ సాయంత్రం వాళ్లమ్మకి ఫోన్ కలిపి నాకిచ్చింది.

"తమ్ముడుగారండీ, ఏడు కవర్లున్నాయండి," అంది అక్కయ్య. "ఉత్తరాలు మా అమ్మ పోయినప్పుడు ఆవిడ శవపెట్టెలోనే పెట్టేశామండి, ఆవిడ కోరిక. కవర్లు బైబిల్లో ఉండిపోయాయండి. ఆరు మా నాన్న రాసినవి. ఏడోది మా అమ్మ ఓడకి రాస్తే తిరిగొచ్చేసిందండి. దాని మీద ఓడ పేరుంది, మా నాన్న పేరుంది, చెయ్యి బొమ్మ ముద్ర కొట్టుందండి."

ఓడ పేరు, మనిషి పేరు, తిరుగుటపా ముద్ర, అన్నీ ఒకే కవరు మీద. అంతకంటే సాక్ష్యం దేవుడు కూడా పంపలేడు.

"మీకు ఆయన గుర్తున్నారా అక్కయ్యగారూ?"

"నేను కడుపులో ఉండగా వెళ్లాడండి, మళ్లీ రాలేదు. మొహం తెలీదు. ఊళ్లో మటుకు ఓడేంటి, వంటేంటి, ఎవత్తినో చూసుకుని లేచిపోయాడంటారండి. మా అమ్మ పోయేదాకా అంటూనే ఉన్నారు. మా అత్తోరింట్లో నన్నూ అన్నారు, లేచిపోయినోడి కూతురని. ఆ ఓడ మీద ఒక్కసారి ఆయన పేరు చదివితే చాలండి తమ్ముడుగారూ. ఫోనులో వింటాను. ఊళ్లోవాళ్లకీ వినిపిస్తాను."

"పంపండి అక్కయ్యగారూ. తొందరగా పంపండి," అన్నాను.

అంతే అన్నాను.

రెండు వారాలకి ఆమె నా గదికి వచ్చింది. ఆసుపత్రిలో మాత్రలు వేసిచ్చే చిన్న కాగితం కవరు నా చేతిలో పెట్టింది. దాని మీద రోజుకి రెండుసార్లు, భోజనం తర్వాత అని అచ్చేసి ఉంది. విప్పి బల్ల మీద వంచాను. ఏడు స్టాంపులు పడ్డాయి. ఏడు రాజు తలలు. ఆరింటి మీద అడ్డగీతలు, ఒకదాని మీద మాత్రం ఏదో పల్లె పోస్టాఫీసు ముద్ర ముక్క. పళ్లు ఒక్కటీ విరగలేదు.

"కవర్లేవమ్మాయ్?"

"ఇవేగా బాబాయ్ గారూ. అమ్మ పంపినవి."

"మిగతా కాగితం?"

ఆమెకి అర్థం కాలేదు. వాళ్లమ్మకి ఫోన్ చేసింది.

"అందాయాండి?" అక్కయ్య గొంతు గదంతా వినపడింది. "ఈసారి కళ్లద్దాలు రెండు జతలు పెట్టుకుని కోశానండి. తమ్ముడుగారికి మంచివి కావాలి కదాని. కాగితాలు పురుగు పట్టేసినియ్యండి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. నీళ్ల పొయ్యిలో పెట్టేశాను."

ఆమె నా మొహం చూసింది. ఫోనులోకి, "బాగా కోశావమ్మా," అంది. పెట్టేసింది. తర్వాత కుర్చీలో కూర్చుని, నర్సులు పేషెంటు గురించి డాక్టర్ని అడిగే గొంతుతో అడిగింది:

"ఇంకేం చెయ్యలేమా?"

"ఏడోది నేను తయారుచేస్తాను," అన్నాను. "పాత కాగితం సంపాదిస్తాను. ముద్ర గీస్తాను. ఎవరూ పట్టుకోలేరు. నాదే పట్టుకోలేదు."

అలా నా నోటి నుంచే బయటపడింది. మూడు దశాబ్దాల్లో ఎవరూ లాగనిది, సాయం చెయ్యబోయి నేనే చెప్పేశాను.

"మీదే అంటే?" అంది. "మరి లిస్టులో ఉన్న మీ నాన్నగారూ..."

"టపా బండి తోలాడు. నిచ్చెన దాకా."

ఆమె తిట్టలేదు. ఊరగాయకి తిట్టినంత కూడా తిట్టలేదు. లేచి సంచి భుజానికి తగిలించుకుంది.

"మా తాత నిజంగా ఎక్కాడు బాబాయ్ గారూ. ఆయన్ని దొంగ కవరు మీద ఎక్కించకండి."

స్టాంపులు నా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఓడ వచ్చిన రోజు సంఘంవాళ్లు బస్సులు పెట్టారు. ఆమె కూడా వచ్చింది, నాకు దూరంగా కూర్చుంది. జగిత్యాలాయన నా పక్కన. ఓడ బూడిదరంగులో, మనం ఎవరో దానికి అక్కర్లేనట్టు నిలబడి ఉంది. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. మా నాన్న గుర్తొస్తాడనుకున్నాను. మోకాలు నొప్పి గుర్తొచ్చింది. పైకెళ్లాక మాత్రం ఇనుము వాసన నిజంగానే వచ్చింది.

మమ్మల్ని తిప్పి చూపించిన ఆఫీసరు మన విజయనగరం వైపు కుర్రాడు. అందరికీ తలా ఒక కవరు పంచాడు. కొత్త ఓడ జలప్రవేశం నాడు వేసినవట. రంగుల బొమ్మ, మెరిసే స్టాంపు, గుండ్రటి ముద్ర. చిరునామా లేదు. లోపల ఉత్తరం లేదు.

"ఓడ నుంచి ఉత్తరాలు రాస్తారా నాయనా?" అన్నాను.

"ఎవరు రాస్తారు సార్, అంతా ఫోనే. ఇవి దాచుకోడానికి."

తాత ఓడ కవర్లేమో ఊరి పేరు దాచుకుని సముద్రాలు దాటి ఇంటికి చేరాయి. మనవడి కవరు ఎక్కడికీ పోకుండానే ముద్ర వేయించుకుంది.

నడవాలో ఒక అద్దాల బీరువా. పాత ఓడ ఫొటో, గంట, ఒక టోపీ. వాటి మధ్య నా కవరు ఫొటో, పెద్దది చేసి. "ఇలాంటిది చాలా అరుదు సార్," అన్నాడు కుర్రాడు. దాని పక్కనే ఇత్తడి పలక. వరసగా నిలబెట్టి పేర్లు చదివారు. మా నాన్న పేరు వచ్చింది. చదివినాయన ఇంటిపేరు నొక్కి చదివాడు. చప్పట్లు కొట్టారు. నా వెనక వరసలో ఆమె కూడా కొట్టింది. రెండు చప్పట్లు, విడివిడిగా. అవి నాకు వినపడ్డాయి.

టీ తాగుతుండగా ఆ కుర్రాణ్ణి పక్కకి పిలిచాను. "నాయనా, ఆ కవరు మీద రాత నాది. మా నాన్న ఓడ ఎక్కలేదు," అన్నాను.

అతను కప్పు కింద పెట్టి అటూ ఇటూ చూశాడు.

"ఈ మాట ఇప్పుడు అనకండి సార్. పలక చెక్కేశాం. తియ్యాలంటే పైనుంచి కాగితం రావాలి. అది వచ్చేలోగా ఈ ఓడ కూడా రిటైరవుతుంది. ఉంటే ఎవరికి నష్టం?"

"అదుగో, ఆవిడకి. వాళ్ల తాత నిజంగా పాత ఓడ వంటగదిలో చేశాడు."

"ప్రూఫ్ ఉందా సార్?"

జేబులోంచి మాత్రల కవరు తీశాను. అతను ఏడు స్టాంపులూ అరచేతిలో పోసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. పాపం, శ్రద్ధగానే చూశాడు.

"ఇవి ఏ ఓడవైనా కావచ్చు కదా సార్?"

అతని చోట నేనున్నా అదే అనేవాణ్ణి.

బస్సులో జగిత్యాలాయనకి చెప్పాను. "ముప్పయ్యేండ్లు అబద్ధం జెప్తే కూసోవెట్టి ఛాయ్ వోసిన్రు. ఒక్కనాడు నిజం జెప్పవోతే వద్దన్నరా?" అన్నాడు. మళ్లీ తనే, "ఖల్లీ వల్లీ, పోనియ్ పెద్దాయనా," అన్నాడు. ఈ దేశంలో చేతులెత్తేసిన ప్రతి పనికీ అందరం అనే మాటే అది. ఆ రోజు నుంచి మాత్రం అతను నా ఓడ ఎంతవరకు పోయిందని అడగలేదు.

తర్వాతి శుక్రవారం పొద్దున్నే ఆమె గదికి వచ్చింది. కూర్చోలేదు.

"అమ్మ మీతో మాట్లాడతానంటోంది. పేరు చదివారని చెప్పాను. సిగ్నల్ లేక ఫోనులో వినిపించలేకపోయానన్నాను. మీరూ అదే చెప్పండి."

ఆమె అబద్ధం ఆడగా నేను ఎప్పుడూ వినలేదు. ఆడటం కూడా రాలేదు. ఎవరో రాసిచ్చింది చదివినట్టు చెప్పింది. ఫోన్ కలిపి స్పీకర్ నొక్కింది.

"తమ్ముడుగారండీ! గట్టిగా చదివారాండి?"

"మైకులో చదివారు అక్కయ్యగారూ."

"ఇంటిపేరుతోనాండి?"

"ఇంటిపేరుతో సహా."

"వంటోడని చెప్పారా?"

"వంటశాల అధిపతి అన్నారు."

నోరు ఊరుకోదు కదా. అక్కయ్య పగలబడి నవ్వింది. "అధిపతాండీ! ఉల్లిపాయలు తరుగుతున్నానని రాశాడంట మా అమ్మకి!" నవ్వి నవ్వి దగ్గొచ్చింది. అది తగ్గాక అంది: "తమ్ముడుగారూ, మీరు మాకు ఇంత చేశారు. మా మేనత్త గారింట్లో ట్రంకుపెట్టెలో పాత కవర్లు ఇంకా ఉన్నాయంటండి. మా నాన్న వాళ్లక్కకీ రాసేవాడంట. రేపు వెళ్లి కోసుకొస్తాను. కత్తెర సంచిలో పెట్టేసుకున్నాను."

ఆమె నావైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

"కొయ్యకండి అక్కయ్యగారూ," అన్నాను. "కవరు మొత్తం అలాగే కావాలి."

"ఎందుకండి? మొన్న కోసినవి సరిపోయాయిగా? వాటితోనేగా పేరు చదివింది?"

ముప్ఫై నాలుగేళ్లు నోటికొచ్చినట్టు అల్లినవాణ్ణి. ఆ ప్రశ్నకి ఒక్క జవాబు దొరకలేదు. చెప్పేశాను. చదవలేదని, కోస్తే సాక్ష్యం పోతుందని, పోయిందని.

అవతల ఏదో కుక్కరు కూత వేసింది. ఇంకో కూత వేసింది.

"అయితే మా నాన్నని పొయ్యిలో పెట్టింది నేనేనన్నమాట," అంది అక్కయ్య. ఈసారి అండి లేదు.

"కాదు అక్కయ్యగారూ, తప్పు నాది. కొయ్యొద్దని చెప్పడం మరిచిపోయాను."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఆమె కూడా వెళ్లిపోయింది.

మేనత్త ట్రంకులోవి నెల తర్వాత వచ్చాయి. పదకొండు కవర్లు, పాత చీర ముక్కలో చుట్టి, ఒక్కదాని మూల కూడా నలగకుండా. అన్నీ చూశాను, భూతద్దం పెట్టి చూశాను. ఇన్సూరెన్సు నోటీసులు, బడి నుంచి వచ్చినవి, ఎవరివో పెళ్లి శుభలేఖలు. అన్నీ యుద్ధం అయిపోయి ఎన్నో ఏళ్లయ్యాక వచ్చినవి. ఒక్కదాని మీదా సెన్సారు ముద్ర లేదు.

ఇప్పటికీ ప్రతి వారం ఆసుపత్రికి వెళ్తాను. ఆమె పట్టీ చుడుతుంది, నంబరు రాసుకుంటుంది. ఊరగాయ గురించి అడగదు. బాబాయ్ గారూ అనడం మానేసింది. "చెయ్యి చాపండి," అంటుంది, అంతే.

ఒకటి మిగిలింది. మరిచిపోయానని అక్కయ్యకి చెప్పాను చూశారా, అది కూడా అబద్ధమే. ఆ సాయంత్రం ఫోనులో ఏడు కవర్లు అనగానే, ఆవిడ కత్తెర నా కళ్ల ముందు ఆడింది. కొయ్యకుండా పంపండి అనే మాట నాలుక చివరికి వచ్చింది. ఆ వెంటనే ఏదో నేవీ ఆఫీసు బల్ల కనపడింది: ఆ ఏడు అసలువి ఒక పక్క, నా టీ డికాక్షన్ కవరు ఒక పక్క, వాటి మధ్య ఒక ఆఫీసరు, అతని చేతిలో భూతద్దం. ఆ మాట మింగేశాను. కోస్తుందని నిశ్చయంగా తెలియదు. కొయ్యకపోవచ్చులే అని కూడా అనుకున్నాను. కోస్తే కోయనీ అని కూడా అనుకున్నాను. రెండూ ఒకే ఊపిరిలో.

రాసింది ఇక్కడితో అయిపోయింది. అన్నీ మడిచి కవర్లో పెట్టి, కోనసీమ చిరునామా రాసి, స్టాంపు అంటించాను. రేపు నేనే పోస్టాఫీసుకి వెళ్లి వేస్తాను. ఇంత రాత చదవడానికి అక్కయ్యకి చూపు ఆనదు. వచ్చే నెల వాళ్లమ్మాయి సెలవు మీద ఇంటికి వెళ్తోంది. చదివి వినిపించాల్సింది ఆమే. చదివాక ఆ కవరు ఉంచుకోవచ్చు, పొయ్యిలోనైనా పెట్టుకోవచ్చు. స్టాంపు నాకు పంపక్కర్లేదు.